లారీ డ్రైవరు ఫిట్‌నెస్: రోడ్డు తనిఖీలో బయటపడే చిన్న లోపాలను అర్థం చేసుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో లారీల మధ్య తిరిగేవారి నోట ఫిట్‌నెస్ అనే మాట వచ్చిందంటే అది బండి గురించే. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) ఎప్పటిదాకా ఉందని అడిగితే క్లీనరు కుర్రాడు కూడా తడుముకోకుండా చెబుతాడు, ఎందుకంటే ఆ తేదీ క్యాబిను తలుపు పక్కన రంగుతో రాసి ఉంటుంది. దాని కిందే పర్మిటు, ఇన్సూరెన్సు తేదీలు వరుసగా ఉంటాయి. ఆ తలుపు తీసుకుని ఎక్కే మనిషికి కూడా గడువు తేదీలు ఉంటాయనీ, అవి బండి మీద ఎక్కడా రాసి ఉండవనీ, బండి ఆపిన అధికారి చెయ్యి చాచి ముందుగా అడిగేది ఆ మనిషి కాగితాన్నేననీ చాలామంది యజమానులకు తట్టదు.

నేను చాలా ఏళ్ళుగా లారీ ఆఫీసులో కాగితాల పని చూస్తున్నాను. మా బల్ల మీదికి వచ్చే వీసీఆర్‌లలో, అంటే రవాణా శాఖవారు రోడ్డు మీద రాసే వెహికల్ చెక్ రిపోర్టులలో, ఓవర్‌లోడు సంగతులు పక్కన పెడితే, డ్రైవరుకు సంబంధించినవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి: లైసెన్సు చూపలేదనో, గడువు దాటిందనో, ఆ తరగతి బండికి అర్హత లేదనో. ఇవి ప్రమాదాలు తెచ్చే పెద్ద నేరాలు కావు. తాగి నడపడం వంటివాటి గురించి ఇక్కడ రాయడం లేదు. అయినా ఈ చిన్నవాటిని విడదీసి చూడడం తెలియకపోతే అయిదు వందలతో పోయేది అయిదు వేలకు ఎక్కుతుంది, అర గంటలో కదలవలసిన బండి సాయంత్రం దాకా రోడ్డు వారనే ఉండిపోతుంది.

దేన్ని చిన్న లోపం అనాలి

జరిమానా ఎంత అన్నదాన్ని బట్టి లోపం చిన్నదా పెద్దదా అని తేల్చుకోవడం మనవాళ్ళకు అలవాటు. డెల్టా సరుకులకు ఈ కొలత పనికిరాదు. ఆకివీడు నుంచో కైకలూరు నుంచో ట్రేలలో చేపలు ఐసు మీద పేర్చుకుని హౌరాకు బయలుదేరిన బండికి జరిమానా కన్నా ఎండలో నాలుగు గంటలు నిలబడిపోవడమే పెద్ద నష్టం. రావులపాలెం అరటి గెలలదీ, కడియం నర్సరీ మొక్కలదీ ఇదే పరిస్థితి. అంబాజీపేట కొబ్బరికాయ ఒక రోజు ఆగినా తట్టుకుంటుంది, తాడేపల్లిగూడెం బియ్యం వారం ఆగినా చెడిపోవు గాని, కాకినాడ రేవులో ఓడకు అందవలసిన బియ్యమైతే వాటికీ తొందర తప్పదు. కాబట్టి నా తూకం ఇది: లోపం బయటపడిన తరువాత ఇదే డ్రైవరు ఇదే బండిని ఇక్కడి నుంచి నడుపుకుని పోవడానికి చట్టం ఒప్పుకుంటుందా, ఒప్పుకోదా?

ఒప్పుకుంటే అది చిన్నది. లైసెన్సు ఉండి జేబులో లేకపోవడం ఈ జాతిది. వేరే ప్రత్యేక శిక్ష చెప్పని ఉల్లంఘనలకు 1988 మోటారు వాహనాల చట్టంలోని 177వ సెక్షను వర్తిస్తుంది, 2019 సవరణ తరువాత దాని కింద మొదటిసారి 500 రూపాయల వరకూ, మళ్ళీ దొరికితే 1,500 వరకూ జరిమానా ఉంటుంది. ఒప్పుకోకపోతే అది పైకి ఎంత చిన్నదిగా కనిపించినా చిన్నది కాదు. ఆ బండికి చెల్లే లైసెన్సు లేకుండా నడపడం 3వ సెక్షనుకు విరుద్ధం. దానికి 181వ సెక్షను కింద 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకూ జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పైగా 207వ సెక్షను ఆ బండిని నిలిపి ఉంచే అధికారం కూడా ఇస్తుంది. లైసెన్సు లేనివాడికి బండి అప్పగించినందుకు యజమాని మీద 180వ సెక్షను విడిగా ఉంటుంది, దానికీ 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకూ జైలు గాని, రెండూ గాని. రోడ్డు మీద రాజీగా కట్టించుకునే మొత్తాలను ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి గనుక చలానాలో అంకె ఇంతకు తేడాగా కనిపించవచ్చు. సెక్షను మాత్రం అన్నిచోట్లా అదే. అందువల్ల చలానా చేతికి రాగానే అంకె కన్నా ముందు సెక్షను చదవాలి.

కార్డు మీద రెండు తేదీలు

డెల్టాలో నేను చూసిన లోపాలలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించేది, అన్నిటికన్నా అమాయకంగా జరిగేది ఇది. లైసెన్సు కార్డును చేతిలోకి తీసుకుని చూస్తే చెల్లుబాటు తేదీలు రెండు ఉంటాయి. ఎన్‌టీ అని ఉన్నది సొంత వాహనాలకు, అంటే మోటారు సైకిలుకూ కారుకూ. టీఆర్ అని ఉన్నది రవాణా వాహనాలకు. ముప్ఫై ఏళ్ళు నిండకముందు తీసుకున్న లైసెన్సుకు ఎన్‌టీ తేదీ నలభయ్యో ఏడు వరకూ ఉంటుంది, ముప్ఫైకీ యాభైకీ మధ్య తీసుకుంటే పదేళ్ళు ఉంటుంది. టీఆర్ తేదీ ఏ వయసువాడికైనా అయిదేళ్ళే. 2019 సవరణకు ముందు అది మూడేళ్ళే ఉండేది. డ్రైవరు ఇంట్లో కార్డు తీసి చూసుకుంటాడు, దూరంగా ఉన్న తేదీ కళ్ళబడుతుంది, ఇంకా చాలా కాలం ఉందిలే అనుకుని మళ్ళీ పర్సులో పెట్టేస్తాడు.

ఒక కార్తిక మాసంలో తెల్లవారుజామున మా ఆఫీసు పంపిన చేపల బండిని సిద్ధాంతం వంతెన దగ్గర ఆపారు. డ్రైవరు నలభై దాటినవాడు, పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు. కార్డు ఇచ్చాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు టార్చి వెలుతురులో దాన్ని ఒకసారి చూసి, బొటనవేలు కింది తేదీ మీద ఆనించి, మళ్ళీ డ్రైవరుకే చూపించారు. ఎన్‌టీ తేదీకి ఇంకా ఏళ్ళు ఉన్నాయి. టీఆర్ గడువు తీరి ఆరు రోజులయింది. "ముప్ఫై రోజులు టైము ఉంటుంది కదండీ" అన్నాడు మావాడు. ఆ మాటలో అబద్ధం లేదు, అది పాత సంగతి మాత్రమే. గడువు తీరిన తరువాత కూడా 30 రోజుల పాటు లైసెన్సు చెల్లుతుందనే వెసులుబాటు 14వ సెక్షనులో ఒకప్పుడు ఉండేది. 2019 సవరణలో దాన్ని తీసేశారు. ఇప్పుడు గడువు తీరిన మర్నాటి ఉదయం నుంచే ఆ మనిషి లారీ నడపడానికి లైసెన్సు లేనివాడితో సమానం. ఆ రోజు మమ్మల్ని కాపాడింది క్యాబినులో వెనక పడుకుని ఉన్న రెండో డ్రైవరు. హౌరా దారికి ఇద్దరు డ్రైవర్లను పంపడం చేపల బండ్లకు మామూలే. అతని కార్డు సరిగ్గా ఉంది గనుక, వీసీఆర్ రాసిన తరువాత అతను స్టీరింగు తీసుకున్నాడు, ఐసు కరిగేలోపు బండి రావులపాలెం దాటింది. ఒక్క డ్రైవరే ఉన్న బండి అయితే భీమవరం నుంచి ఇంకొకరిని మోటారు సైకిలు మీద పంపించవలసి వచ్చేది.

దీన్ని తప్పించుకోవడం చాలా తేలిక. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, రవాణా శాఖ లైసెన్సుల సారథి పోర్టల్‌లో ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. గడువు దాటిన తరువాత ఏడాది లోపల పెట్టుకున్నా రెన్యువలు అవుతుంది గాని, మధ్యలో పోయిన రోజులకు లైసెన్సు లేనట్టే లెక్క; ఆ రోజుల్లో బండి ఎక్కడ పట్టుబడినా, దేవుడు మేలు చేయకపోతే ఏదైనా ప్రమాదం జరిగినా, తరువాత వచ్చిన కార్డు ఆ రోజును కప్పదు. ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగు పరీక్షకు నిలబడాలి. పాతికేళ్ళు లారీ నడిపిన మనిషి కుర్రాళ్ళతో కలిసి ట్రాకు మీద ఎనిమిది అంకె వేయడానికి వరుసలో నిలబడడం నేను చూశాను. అతనికి అంతకన్నా చిన్నతనం లేదు.

రెన్యువలు దగ్గర మనవాళ్ళకు మరొక చిక్కు వస్తుంది. పాత లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి పేరు ముందూ వెనకా మారి ఉంటుంది. ఆన్‌లైనులో రెండూ కలవక దరఖాస్తు ఆగిపోతుంది. గడువుకు రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టమని నేను చెప్పేది ఇందుకే. అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కూడా చాలామంది కార్డుల మీద అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. దానివల్ల లైసెన్సుకు లోపమేమీ రాదు, ఇల్లు మారితే తప్ప దాని కోసం కంగారు పడనక్కరలేదు.

లేకపోవడం వేరు, చూపలేకపోవడం వేరు

130వ సెక్షను ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు డ్రైవరు లైసెన్సు చూపించాలి; అధికారం ఉన్న రవాణా శాఖ అధికారి అడిగినా చూపించాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 139వది చెబుతుంది. కార్డు ఇంటి దగ్గర మరచిపోయాడనుకుందాం. డిజీలాకర్‌లో గాని, ఎంపరివాహన్ యాప్‌లో గాని ఉన్న లైసెన్సును చూపిస్తే అది కార్డుతో సమానమే. 2018 నుంచి అదే 139వ నిబంధన ఎలక్ట్రానిక్ రూపాన్ని ఒప్పుకుంటున్నది. వాట్సాప్‌లో దాచుకున్న కార్డు ఫొటోకు ఆ హోదా లేదు. ఈ తేడా తెలియక ఫొటో చూపించి వాదించేవారు రోజుకొకరైనా ఉంటారు. ఫొటోలో ఉన్న నంబరుతో అధికారి తన యంత్రంలో వెతికి చూడగలరు, చూస్తే మంచిదే, అలా చూసి వివరాలు సరిపోతే కాగితం అడగకూడదని కూడా నిబంధన ఉంది. అయినా ఆ పనిని అధికారి ఓపికకు వదిలేయడం కన్నా డిజీలాకర్‌లో ఒక్కసారి తెచ్చి పెట్టుకోవడం నయం. ఫోను చార్జింగు అయిపోయిన రోజు కోసం కార్డు కూడా క్యాబినులోనే ఉండాలి.

రెండూ లేనప్పుడు కూడా అది లైసెన్సు లేకపోవడం కిందికి రాదు. కాగితం ఆ క్షణాన దగ్గర లేనివారు 15 రోజులలోగా దాన్ని అడిగిన అధికారికి అందజేసే మార్గం 139వ నిబంధనలోనే ఉంది. ఇక్కడ డ్రైవరు చేయవలసింది ఒకటే, రాసే కాగితంలో మాట సరిగ్గా పడేలా చూసుకోవడం. లైసెన్సు చూపలేదు అని రాస్తే 177. లైసెన్సు లేదు అని రాస్తే 181. మాటలో తేడా చిన్నది, జరిమానాలో పది రెట్లు. సంతకం పెట్టేముందు ఆ వరుస చదవమని, చదవడం రాకపోతే చదివించుకోమని మా డ్రైవర్లందరికీ ప్రతిసారీ చెబుతాను. చదవమన్నందుకు ఏ అధికారీ కోపగించుకోవడం నేను ఇంతవరకు చూడలేదు.

పాత రోజుల్లో చేతిరాతతో ఇచ్చిన పుస్తకం లైసెన్సులున్నవారి సంగతి వేరు. ఆ నంబరు కంప్యూటరులోకి ఎక్కకపోతే రోడ్డు మీద యంత్రంలో ఏమీ కనిపించదు. అలాంటివారు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే ఆర్టీవో ఆఫీసులో అడిగి ఆ లెక్క తేల్చుకున్న తరువాతే బండి ఎక్కాలి.

ఏ బండికి ఏ లైసెన్సు

హెవీ లైసెన్సు అనే మాట మన దగ్గర ఇంకా వాడుకలో ఉన్నా, మీడియం, హెవీ అని విడివిడిగా ఉన్న గూడ్సు, ప్యాసింజరు తరగతులను 1994లోనే చట్టం ట్రాన్స్‌పోర్టు వాహనం అనే ఒకే మాట కిందికి తెచ్చింది. ఈ తరగతికి వయసు 20 నిండాలి. అంతకుముందు కనీసం ఏడాదిపాటు ఎల్ఎంవీ, అంటే కారు వంటి తేలిక వాహనాల లైసెన్సు ఉండి ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలనే నియమం 2019 వరకూ ఉండేది, దాన్ని తీసేశారు. చేపల చెరువుల మీద పనిచేస్తూ బడి మానేసిన కుర్రాళ్ళకు ఈ మార్పు నిజంగా ఉపకరించింది, అది ఇంకా తెలియనివారు లంక గ్రామాలలో ఉన్నారు.

చిన్న బండ్ల దగ్గర వచ్చే గొడవ ఇంకొకటి. టాటా ఏస్ మీద రొయ్యల ట్రేలు వేసుకుని చెరువు గట్టు నుంచి ప్లాంటుకు వెళ్ళే కుర్రాడికి కారు లైసెన్సు మాత్రమే ఉంది. బండికి పసుపు నంబరు ప్లేటు ఉంది, అంటే అది రవాణా వాహనమే. రవాణా వాహనం నడిపేవాడికి ఇచ్చే బ్యాడ్జి లేదు గనుక లైసెన్సు లేనట్టేనా? 2017లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పునూ, దాన్ని 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సమర్థించిన తీర్పునూ కలిపి చదివితే జవాబు స్పష్టంగా ఉంది: మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చు, లైసెన్సు మీద ప్రత్యేకంగా రాయించుకునే అనుమతి, అంటే ఎండార్సుమెంటు, అక్కరలేదు. మొత్తం బరువు అంటే ఆర్సీలో రాసి ఉన్న గ్రాస్ వెయిటు, అంటే బండి తన సొంత బరువుతో పాటు మోయగల సరుకు కూడా కలిపి. ఖాళీ బండి బరువు చూసి ఏడున్నర టన్నుల లోపే కదా అనుకునేవారు ఇక్కడే పొరబడతారు. ఏస్, బొలెరో పికప్ వంటివి ఈ గీతకు చాలా కిందే ఉంటాయి. ఐషర్ వంటి మధ్యస్థపు బండ్లలో కొన్ని గీతకు ఇటు, కొన్ని అటు ఉంటాయి, కాబట్టి బండి ఆకారాన్ని చూడకుండా ఆర్సీ చూడాలి. ఆ గీత దాటిన ఆరు టైర్ల లారీ, పది టైర్ల లారీ గురించి సందేహమే లేదు, వాటికి ట్రాన్స్‌పోర్టు తప్పదు. ఇసుక ర్యాంపుల దగ్గర కారు లైసెన్సుతో టిప్పరు నడిపేవారి విషయంలో పొరపాటు అనే మాటే చెల్లదు, అది తెలిసి చేసే పని.

ప్రమాదకరమైన సరుకు వేసుకునే బండికి ఇంకొక మెట్టు ఉంది. తాటిపాక చుట్టుపక్కల చమురు, గ్యాసు ట్యాంకర్లు నడిపేవారికి ఈ సంగతి బాగా తెలుసు, వారి కంపెనీలు గేటు దగ్గరే అడుగుతాయి. తెలియనిది ఐసు ఫ్యాక్టరీకి అమ్మోనియా సిలిండర్లు వేసుకెళ్ళే మామూలు లారీ డ్రైవరుకు. అతనూ ఆ కోవలోకే వస్తాడు. ఈ ఎండార్సుమెంటుకు మూడు రోజుల శిక్షణ కావాలి, అది మూడేళ్ళే చెల్లుతుంది, పొడిగించుకోవాలంటే మళ్ళీ రిఫ్రెషరు శిక్షణ తీసుకోవాలి. మామూలు సరుకుకు పూర్తిగా అర్హుడైన డ్రైవరే సిలిండర్లు ఎక్కించిన పూట లోపమున్న డ్రైవరు అవుతాడు గనుక సరుకు మారినప్పుడల్లా కార్డు కూడా మళ్ళీ చూడాలి.

ఒంటికి సంబంధించినవి

ట్రాన్స్‌పోర్టు లైసెన్సు తీసుకునేటప్పుడూ, రెన్యువలు చేసుకునేటప్పుడూ ఫారం 1ఎ మీద డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఆ ఫారంలో అడిగేవి కొద్దిపాటి ప్రశ్నలు: చూపులో లోపముంటే తగిన కళ్ళద్దాలతో సరిపోయిందా, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలడా, రంగులు గుర్తు పట్టడంలో లోపముందా, హారను వినిపించనంత చెవుడు ఉందా, రేచీకటి ఉందా, చేతులకూ కాళ్ళకూ నడపడానికి అడ్డొచ్చే లోపమేదైనా ఉందా. ఓ మోస్తరు వర్ణాంధత్వం ఉన్నవారికి లైసెన్సు నిరాకరించకుండా 2020 జూన్‌లో నిబంధన సడలించారు. ఫారం 1 మీద డ్రైవరు స్వయంగా చేసే ప్రకటనలో మూర్ఛ, కళ్ళు తిరగడం వంటివి కూడా అడుగుతారు.

ఈ సర్టిఫికెట్టును మనవాళ్ళు సంతకాల పనిగా చూస్తారు. డాక్టరు పేరు చెప్పి కాగితం తెచ్చే మనిషి ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాడు. నాకు దీని మీద ఉన్న అభ్యంతరం చట్టం కోసం మాత్రమే కాదు. యాభై దాటిన డ్రైవర్లకు దగ్గరి చూపు తగ్గడం వేరు, ఎదురు లైట్లకు కళ్ళు మసకబారడం వేరు. రెండోదాన్ని వాళ్ళు యజమానికి చెప్పరు, కళ్ళద్దాల డ్రైవరుకు బండి ఇవ్వరనే భయం ఉంటుంది. కళ్ళద్దాలు సర్టిఫికెట్టు రోజున ముక్కు మీద ఉంటాయి, రోడ్డు మీద డాష్‌బోర్డు అరలో ఉంటాయి. ఇంటి దగ్గర దీన్ని చూసుకోవడానికి ఆసుపత్రి కూడా అక్కరలేదు. ఆఫీసు ముందు ఆగి ఉన్న బండి నంబరు ప్లేటు నుంచి 25 మీటర్లు, అంటే సుమారు ముప్ఫై పెద్ద అంగలు, వెనక్కి నడిపించి చదివించండి. అద్దాలతో ఒకసారి, లేకుండా ఒకసారి. అద్దాలు లేకుండా చదవలేకపోతే ఆ డ్రైవరు జేబులో రెండో జత ఉంచడం యజమాని ఖర్చు కిందే వేసుకోవాలి.

తనకు జబ్బు గాని వైకల్యం గాని ఉండి, దానివల్ల ఇతరులకు ప్రమాదమని తెలిసి కూడా నడపడం 186వ సెక్షను కింద నేరం; మొదటిసారి 1,000 రూపాయల వరకూ, తరువాత 2,000 వరకూ జరిమానా. తెలిసి అనే మాటే ఆ సెక్షనుకు ఆయువు. రోడ్డు మీద అధికారి డాక్టరు కాదు గనుక ఇది తరచుగా రాయరు; చేతికి కట్టుతో స్టీరింగు పట్టినవాడికో, ఎదురుగా నిలబడి తూలుతున్నవాడికో రాస్తారు. నిద్రలేమితో తూలినా బయటివారికి తాగినట్టే కనిపిస్తుంది, బ్రెత్ ఎనలైజరులో ఏమీ రాకపోయినా బండి ఆగుతుంది. డ్రైవరు పనిగంటలను 91వ సెక్షను కార్మిక చట్టాలకు ముడిపెట్టింది. రోజుకు 8 గంటల పని అనేది ఆ చట్టాల మూలం. రొయ్యల పట్టుబడి జరిగే వారాల్లో పగలు లోడింగు దగ్గర నిలబెట్టిన మనిషినే రాత్రికి బండి ఎక్కించడం మన దగ్గర జరిగే పనే. దాన్ని నేను సమర్థించలేను.

ఖాకీ చొక్కా లేకపోవడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం వంటివి ఒంటి మీదివే అయినా అర్హతకు సంబంధం లేనివి. సీటు బెల్టుకు 194బి సెక్షను కింద 1,000 రూపాయలు. రెండూ కట్టేసి పోవచ్చు.

క్లీనరు స్టీరింగు పట్టిన వేళ

డ్రైవరు టిఫిను చేస్తుంటే క్లీనరు బండిని కాస్త ముందుకు జరపడం, మిల్లు గేటు ముందు వరుసలో రెండు బండ్ల దూరం కదపడం ఎవరికీ తప్పుగా కనిపించదు. గేటు లోపల జరిపితే ఒక సంగతి, గేటు బయట రోడ్డు మార్జిను మీద జరిపితే అది బహిరంగ స్థలమే. క్లీనరుకు లెర్నరు లైసెన్సు ఉంది కదా అనేది చెల్లదు. నేర్పేవాడు లైసెన్సుతో పక్కనే కూర్చుని ఉండాలి, బండికి ముందూ వెనకా ఎర్రని ఎల్ గుర్తు ఉండాలి. ఇది చూడడానికి అయిదు నిమిషాల పని, రాయడానికి మాత్రం 181, యజమానికి 180. చిన్నదని తోచే పెద్ద లోపాలలో దీన్నే నేను ముందు పెడతాను.

బండి ఆపినప్పుడు, ఆపిన తరువాత

పదహారో నంబరు హైవే మీద తణుకు నుంచి జొన్నాడ దాకా, 216 మీద కాకినాడ నుంచి నరసాపురం వైపు, ఎక్కడ ఆపినా పద్ధతి ఒకటే. ఇంజను ఆపి, దిగి, కాగితాల ఫైలు మొత్తం చేతికివ్వకుండా అడిగినదే ఇవ్వాలి. యానాం దగ్గర గుర్తుంచుకోవలసింది ఒకటుంది: అది పుదుచ్చేరి పరిధి, అక్కడ రాసిన చలానా మన రాష్ట్రం లెక్కలో వెతికితే కనబడదు. లైసెన్సు విషయంలో మాత్రం దేశమంతా ఒకటే చెల్లుబాటు గనుక ఒడిశాలోనో బీహారులోనో తీసుకున్న లైసెన్సు ఉన్న డ్రైవరును ఆ కారణంగా ఆపడానికి వీల్లేదు.

అధికారి లైసెన్సును తన దగ్గర ఉంచుకుంటే 206వ సెక్షను కింద తాత్కాలిక రసీదు ఇవ్వాలి. ఆ రసీదులో చెప్పిన తేదీ వరకూ, లేదా లైసెన్సు తిరిగి వచ్చేవరకూ, సాధారణంగా ఆ రసీదే లైసెన్సుగా పనిచేస్తుంది; తరువాతి చోట ఆపితే దాన్నే చూపించాలి. లైసెన్సును రద్దు చేయడానికో, అనర్హత వేయడానికో పంపిస్తున్న కేసులో మాత్రం ఆ రసీదు నడపడానికి అనుమతి కాదు. ఏ ఉపసెక్షను కింద తీసుకున్నారో రసీదు మీద చూసి ఉంచుకోవాలి. అర్హత లేని డ్రైవరు దొరికినప్పుడు బండిని నిలపడానికి బదులుగా ఆర్సీని ఉంచుకుని రసీదు ఇచ్చి పంపే వెసులుబాటును 207వ సెక్షనే అధికారికి ఇచ్చింది. ఇది అధికారి విచక్షణ, హక్కుగా అడిగేది కాదు. పాడైపోయే సరుకు ఉందని, అర్హత గల వేరే డ్రైవరు ఫలానా సమయానికి వస్తున్నాడని మర్యాదగా చెప్పి అడిగితే ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు. అందుకే ప్రతి లారీ ఆఫీసూ హైవే మీద అరగంటలో అందగలిగే ఇద్దరు ముగ్గురు డ్రైవర్ల ఫోను నంబర్లు, వాళ్ళ టీఆర్ తేదీలతో సహా, గోడ మీద రాసి పెట్టుకోవాలి.

బండి తిరిగి వచ్చిన తరువాత వీసీఆర్‌ను అరలో పడేయకూడదు. అది తేలకుండా ఉంటే ఆర్టీవో ఆఫీసులో ఆ బండి పని ముందుకు సాగదు. ఎఫ్‌సీ రోజున ట్రాకు దాకా వెళ్ళి పాత వీసీఆర్ బయటపడి వెనక్కి వచ్చిన బండ్లు ఉన్నాయి. జరిమానా కట్టిన రసీదును వీసీఆర్‌కు పిన్ను చేసి, లోపం ఏమిటో, ఏ రోజు సరిచేశామో రెండు ముక్కలు రాసి పెట్టాలి. ఈ రాత పనికి ఇంకొక ఉపయోగం ఉంది. ప్రమాదం జరిగి డ్రైవరు లైసెన్సు మీద పేచీ వచ్చినప్పుడు, తప్పు యజమాని నిర్లక్ష్యం వల్లే జరిగిందని రుజువు చేయవలసిన బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీదేనని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. చేర్చుకునేటప్పుడు లైసెన్సు చూశానని నోటితో చెప్పే యజమాని కన్నా, చూసిన తేదీ, సారథిలో సరిచూసిన కాగితం, టీఆర్ గడువు రాసిన పుస్తకం చూపించగల యజమాని మాట కోర్టులో నిలుస్తుంది.

ఆ పుస్తకానికి పెద్ద హంగు అక్కరలేదు. మా ఆఫీసులో అది పొడుగాటి చిట్టా పుస్తకం. డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, టీఆర్ తేదీ, ప్రమాదకర సరుకు ఎండార్సుమెంటు ఉంటే దాని తేదీ, కళ్ళద్దాలు ఉన్నాయా లేవా, ఇవే గళ్ళు. నెల మొదటి రోజున ఒకరు దాన్ని పైనుంచి కిందికి చదువుతారు. మూడు నెలల్లో గడువు తీరేవారి పేరు పక్కన ఎర్ర సిరాతో సున్న చుడతారు. ఈ మధ్య ఒక యజమాని ఇంకొక అడుగు ముందుకేసి, క్యాబిను తలుపు పక్కన ఎఫ్‌సీ తేదీ కింద డ్రైవరు టీఆర్ తేదీ కూడా సుద్దముక్కతో రాయిస్తున్నాడు. డ్రైవరు మారితే తుడిచి మళ్ళీ రాస్తారు.